అమ్మ మొలకెత్తకూడదన్నాడు నాయన

నేను కాలేజీలో ఆధునిక కవిత్వం చెబుతాను. అందులో శవాలకు కొదవ లేదు. ప్రతి కవీ ఎక్కడో ఒకచోట చస్తాడు, నాలుగు పంక్తులు తిరక్కుండానే మొలకై లేస్తాడు. బూడిదలోంచి లేస్తాడు, బీడులోంచి లేస్తాడు, ఆఖరికి సిమెంటు గోడ పగుల్లోంచి కూడా లేస్తాడు. పాత భక్తకవులు ఇంకో పుట్టుక వద్దు స్వామీ అని మొత్తుకుంటే, మనవాళ్ళు మోక్షాన్ని వదిలేసి పుట్టుకను మాత్రం గట్టిగా పట్టుకున్నారు. ఈ మాట తరగతిలో చెప్పి పిల్లల దగ్గర మెప్పు కూడా కొట్టేశాను. అమ్మ పోయేదాకా అది నాకు ఒట్టి పాఠం.

అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు మార్చి రోజు మా తిరుపతిలోనే డయాలసిస్. సూదులు గుచ్చీ గుచ్చీ ఆమె చేయి నల్లగా కమిలి ముడులు తేలింది. నాయన ప్రతిసారీ వెంట వచ్చేవాడు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. సాయంత్రాలు గుడి గోష్ఠిలో నిలబడి ఆళ్వార్ల పాశురాలు చదివే మనిషి. ఆసుపత్రిలో మాత్రం నోరు తెరిచి ఒక స్టూలు కూడా అడిగేవాడు కాదు. అమ్మే మాట్లాడకుండా కాళ్ళు ముడుచుకుని మంచం అంచున చోటు చేసేది. ఆయన అక్కడ కూర్చునేవాడు. మిషను ఆగేదాకా ఇద్దరూ అలాగే ఉండేవాళ్ళు.

అమ్మ ఎండాకాలంలో పోయింది. స్వర్ణముఖి ఏట్లో చుక్క నీరు లేదు. బిందెలతో ట్యాంకరు నీళ్ళు తెచ్చి ఇసుకలో పోసి, అందులోనే అస్థికలు కలిపాం. ఆ ఇసుక నన్ను వదల్లేదు. పద్యం రాశాను. చివరి పంక్తులు ఇవి:

నీ బూడిద తాగిన ఇసుకలో
ఒక ఆకు తల ఎత్తుతుంది
చూడగానే గుర్తుపడతాను, అమ్మా.

చిత్తూరులో ఒక సభలో చదివితే చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో కూర్చున్న నాయన చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. తిరుగు బస్సులో ఆయన ఎంతకీ మాట్లాడకపోయేసరికి నాకు ఒళ్ళు మండింది.

"నచ్చలేదా నాయనా?"

"మీయమ్మను మళ్లా ఎందుకు పుట్టించినావు?"

"అది ప్రతీక నాయనా."

"నేనూ పిల్లోళ్ళకు పాఠాలు చెప్పినోణ్ణే, పాపా. ప్రతీకంటే నాకు తెలుసు. ఆమె మళ్లా ఈడికి రాకూడదనే కదా, పన్నెండు దినాలు పాశురాలు చదివినాను. ఆకుగా పుడితే మాత్రం? మేక తింటాది, లేకుంటే ఎండకు మాడతాది. మళ్లా చావాల కదా. ఆమె చచ్చింది చాలదా నీకు?"

"నాకు అమ్మ కావాల నాయనా" అన్నాను. బస్సులో జనం ఉన్నారని కూడా చూసుకోలేదు, ఏడ్చేశాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చంద్రగిరి దాటేదాకా ఇటు తిరగలేదు.

పుస్తకం వేసేటప్పుడు ఆ మూడు పంక్తులూ తీసేశాను. ఆయన మాట ఒప్పుకుని కాదు, ఆయన ముఖం చూడలేక. అచ్చులో ఆ పద్యం నాకు తల లేని మొండెంలా కనబడింది. నాయన మాత్రం ఆ పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. ఆ రాత్రి నేను ఆయనతో కలిసి అన్నం తినలేదు.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అదే ఆసుపత్రి, పై అంతస్తు. తెల్లారి కళ్ళు తెరవగానే ముందు తలుపు వైపు చూసేవాడు.

"మీయమ్మ రాలేదు కదా?"

"రాలేదు నాయనా."

"మంచిది."

రోజూ ఇదే వరస. పెద్దాయనకు మతి చలించిందని నర్సు జాలిపడింది. నేను నమ్మలేదు. పంతం మనిషి కదా, పోయేముందు కూడా తన మాటే నెగ్గిందో లేదో చూసుకుంటున్నాడు అనుకున్నాను. కోపం వచ్చింది, ఆ కోపం వెనకాలే దిగులు వచ్చింది. ఆయన ఒళ్ళు దుప్పటి కింద ఉందా లేదా అన్నంత సన్నబడింది.

ఆ పొద్దున కూడా అడిగాడు. ఆయన మనసు నెమ్మదిస్తుందని, దగ్గరికి వంగి చెప్పాను.

"రాలేదు నాయనా. ఇంక రాదులే. నువ్వు వద్దన్నావు కదా, నేను తీసేసినాను కదా."

ఆయన తలుపు మీదినుంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "మంచిది" అనలేదు.

"నేను వద్దన్నాననే రాలేదా?"

ఇన్నేళ్ళు ఎందరెందరి చావులకో, మొలకలకో అర్థాలు చెప్పినదాన్ని, ఆయన దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

"ఆ మాటలు చదువు, పాపా" అన్నాడు. "తీసేసినావే, అవి."

చదివాను. చిత్తూరులో అంతమందిని కదిలించిన ఆ పంక్తులు, ఆక్సిజన్ బుడగల చప్పుడులో నాకే పచ్చి అబద్ధంలా వినిపించాయి. ఏ ఇసుకలోనూ ఏ ఆకూ లేదు. ఆ ఎండాకాలం తర్వాత వెళ్ళి వెతికినదాన్ని, నాకు తెలుసు. అయినా ఆపకుండా చివరిదాకా చదివాను.

ఆయన మళ్ళీ తలుపు వైపు తిరిగాడు. ఆయాసపడుతూ, ఒక్కో కాలూ లాక్కుని ముడుచుకున్నాడు. అప్పట్లో అమ్మ చేసినట్టే, మంచం అంచున చోటు చేశాడు.

నేను నిలబడే ఉన్నాను.