తోడల్లుడి చాక్లెట్ పెట్టెలు

మా తోడల్లుడు పాత సరుకు మీద తేదీలు చెరిపి అమ్మాడని షార్జా అల్ నహ్దాలోని తెలుగువాళ్లు కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అది అబద్ధం. ఆ సరుకు తయారై వారం కూడా కాలేదు. తేదీలు ఎలా పోయాయో నేను కళ్లారా చూశాను.

నేను చాక్లెట్లు దిగుమతి చేసుకునే కంపెనీలో చాలా ఏళ్లుగా సేల్స్ సూపర్‌వైజర్‌ని. ఏ సూపర్‌మార్కెట్లో ఏ ర్యాక్ ఎవరిదో నాకు తెలుసు. అత్తవారింటికి వెళ్తే సంచీ నిండా చాక్లెట్లు తీసుకెళ్లే పెద్దల్లుణ్ణి నేనే. మా మరదలి భర్త ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేవాడు. కరోనా వచ్చిన ఏడాది అతని ఉద్యోగం పోయింది. ఆ రోజుల్లో వాళ్లింటికి బియ్యం, పప్పులు మోసుకెళ్లాను. నిజం చెప్పాలంటే అతన్ని నేను మనస్ఫూర్తిగా ఇష్టపడింది అప్పుడే.

తర్వాత అతను ఇంట్లో ట్రఫుల్స్ చేయడం మొదలుపెట్టాడు. మెత్తటి చాక్లెట్ ముద్దలో ఖర్జూరం గుజ్జు, యాలకుల పొడి కలిపి ఉండలు చుట్టి, పైన కోకో పొడి అద్దేవాడు. మొదటిసారి నోట్లో వేసుకోగానే నాకు కడుపు మండింది. అంత బాగున్నాయి. ఎలా ఉన్నాయని అడిగితే తీపి కాస్త ఎక్కువైందన్నాను. తీపి సరిగ్గానే ఉంది.

ఇంట్లో చేసినదాన్ని పెట్టెలో పెట్టి కొట్లో అమ్మడం ఇక్కడ కుదరదు. లైసెన్సున్న వంటశాల కావాలి, సరుకు నమోదు కావాలి, అందులో ఏమేం వేశారో అరబీలో రాయాలి, తయారైన తేదీ, గడువు తేదీ పెట్టె మీదే అచ్చు వేయాలి. ఆ తేదీ జోలికి ఎవరైనా వెళ్లారా, ఖలాస్. ఇవన్నీ అతనికి నేనే చెప్పాను, భయపడి మానుకుంటాడని. అతను ఒక్కొక్కటీ చేసుకుంటూ పోయాడు. వంటశాల అద్దెకు దొరికింది. మరదలి గాజులు తాకట్టుకు వెళ్లాయి. పెట్టె మీదికి వాళ్ల సొంత పేరు వచ్చింది. వీడియో కాల్‌లో మా అత్తగారు ఆ పెట్టెను కెమెరాకు దగ్గరగా పెట్టించుకుని చూసేవారు. చిన్నల్లుడు తన కాళ్ల మీద తాను నిలబడ్డాడని మురిసిపోయేవారు. నేనూ ఆ ఫోన్ ముందే కూర్చుని ఉండేవాణ్ణి. నా కాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

అల్ నహ్దాలో నాకు బాగా తెలిసిన సూపర్‌మార్కెట్లో కాస్త చోటు ఇప్పించమన్నాడు. కాదనడానికి సాకు దొరకలేదు. ఈద్ ముందు మలయాళీ మేనేజరుతో మాట్లాడాను. అమ్ముడుపోతే మిగతా బ్రాంచీల్లోనూ పెడతామన్నాడు. గాజులు ఇంటికి రావడానికి వాళ్లకున్న దారి అదొక్కటే.

సరుకు తీసుకెళ్లడానికి వెళ్లేసరికి మరదలు పెట్టెలన్నీ దేవుడి పటం ముందు పేర్చి, ఒక్కోదానికి మూలన తడి పసుపు, కుంకుమతో బొట్టు పెట్టింది. కారు కొన్నా ఫ్రిజ్ కొన్నా మనం చేసేదే.

"బొట్లతో కొట్లో పెడితే బాగోదేమో బావగారూ, తుడిచెయ్యనా?" అని అడిగింది.

తుడవమన్నాను. తడిగుడ్డ పెట్టి రుద్దింది. బొట్టుతో పాటు దాని కిందున్న తేదీ కూడా లేచి వచ్చింది. గుడ్డ మీద పసుపు పక్కనే నల్లటి సిరా. ఆమె గమనించలేదు. అతను కింద కారులో చోటు సర్దుతున్నాడు. పెట్టె చూడగానే తేదీ వెతకడం నా ఉద్యోగం. ఒక్క మాట అంటే ఆ పూటే కొత్త పెట్టెల్లోకి మార్చుకునేవాళ్లు.

"తొందరగా కానీయమ్మా, ట్రాఫిక్ పెరుగుతుంది" అన్నాను.

నేను తెచ్చిన సరుకని మేనేజరు తేదీలు చూడకుండానే ర్యాక్‌లో పెట్టించాడు. ఆ వారంలోనే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పెట్టె తిప్పి చూశాడు. సరుకంతా తీయించేశాడు. మేనేజరు నాకు ఫోన్ చేశాడు.

"భాయ్, డేట్ కిస్‌నే మిటాయా?"

ఎవరు చెరిపారో నాకేం తెలుసు అన్నాను. ఆ జవాబు మేనేజరు దగ్గర ఆగలేదు. నలుగురు నలుగురికి చెప్పారు. వంటశాల వదిలేసి అతను కొండల అవతల కల్బా అనే ఊళ్లో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాయడానికి చేరాడు. అత్తగారు పెట్టెల ఊసెత్తడం మానేశారు. ఆ నెలలో నాకు హాయిగా నిద్ర పట్టిందన్నది కూడా రాయాలి.

నిరుడు కల్బా వెళ్లి, కొట్టు బయట నిలబడి అతనికి అంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"బొట్టు వల్లేనని తనకి ఎప్పుడో తెలిసిపోయిందన్నయ్యగారూ. చేజేతులా చేశానని ఏడుస్తూనే ఉంటుంది. మీరు చూశారన్నదే మాకు తెలీదు." కొట్లోకి వెళ్లబోతూ వెనక్కి తిరిగి అన్నాడు: "వదినగారికి చెప్పకండి. అక్కాచెల్లెళ్లు విడిపోతారు."

కొండల మధ్య నుంచి కారు నడుపుకుంటూ వస్తుంటే నా మనసు తేలికపడలేదు. ఆ మాట అనగలిగిన మనసు కూడా అతనికే దొరకాలా అని ఒళ్లు మండింది. అతను కాపాడింది నా కాపురాన్ని. వాళ్ల మీది నింద అలాగే ఉంది.

అందుకే అతని మాట తప్పి ఇది రాశాను. నిన్న ముందుగా మా ఆవిడకే ఇచ్చాను. చివరిదాకా చదివి, ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చెల్లెలితో "ఒసేయ్, తప్పు నీది కాదే" అనడం మాత్రం వినిపించింది.