నూట ఇరవై ఎడమ చేతులు

మంగళవారం మధ్యాహ్నానికల్లా బట్టల ఫ్యాక్టరీలో ఆమె అరవై చొక్కాలకు నూట ఇరవై చేతులు కత్తిరించేసింది. అన్నీ ఎడమవే. బట్టంతా ఒకే ముఖంగా పరిచినప్పుడు, సగం కోశాక కుడి చేతుల కోసం అట్ట నమూనాను బోర్లా తిప్పాలి. తొమ్మిదేళ్లుగా ఆమె చెయ్యి దానంతటదే తిప్పేది. ఆ రోజు తిప్పలేదు.

"రెండూ ఎడమ చేతులే ఉన్నవాళ్లని ఎక్కడ వెతకమంటావమ్మా?" అన్నాడు కటింగ్ మాస్టరు. పక్క బల్లలవాళ్లు నవ్వారు. ఆమె మొహం చూసి ఆయనే తగ్గి, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమని పంపేశాడు.

కానుపై ఐదు నెలలు. నిద్ర లేదు, ఆకలి లేదు. పాప ఏడుస్తుంటే పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుండేది. తన తల ఇక బాగుపడదని ఆమె నిశ్చయించుకుంది.

సంగతి తెలిసి ఆడపడుచు ఆ సాయంత్రమే వచ్చింది. చొక్కా చేతులే చూసుకోలేనిది పసిదాన్నేం చూసుకుంటుందని తమ్ముడితో అని, పాలడబ్బా, పొత్తిగుడ్డలూ సర్దుకుని పాపను రెండు వీధుల అవతలి తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె అడ్డుపడలేదు. మర్చిపోయిన పాప టోపీని గుమ్మం దాకా వెళ్లి అందించింది.

మూడు వారాలు చూసి, భర్త ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నది.

"తల చెడిపోలేదమ్మా. కడుపుతో ఉన్నప్పటి నుంచీ మెదడు బిడ్డ కోసం కొత్తగా అల్లుకుంటూ వస్తుంది. దిగులు దానికి అడ్డం పడింది. మళ్లీ అల్లుకోగలదు. మందు నేనిస్తాను. మిగతాది పాప నీ చేతుల్లో ఉంటేనే."

ఎన్నాళ్లని అడిగితే నెలలు పట్టొచ్చంది. అచ్చం మునుపటిలా అవుతావని మాత్రం మాటివ్వలేదు.

పాపను ఇవ్వడానికి ఆడపడుచు ముందు ససేమిరా అంది. తమ్ముడు నాలుగుసార్లు తిరిగాక దిగొచ్చింది. రోజూ సాయంత్రం ఒక్క గంట, తన ఇంట్లోనే, తన కళ్ల ముందే.

మొదటి రోజు ఎత్తుకోగానే పాప గుక్కపట్టింది. ఆడపడుచు చేతులు చాచింది.

"ఇటివ్వు మరదలా. దానికి నువ్వు కొత్త."

"కొత్తే వదినా. గంటయ్యేదాకా ఉండనీ."

కొన్ని వారాలుగా ఆమె అంత పొడుగు మాట మాట్లాడలేదు. ఆడపడుచు చేతులు వెనక్కి తీసుకుని, గోడగడియారం వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు పాప నలభై ఎనిమిది నిమిషాలు ఏడ్చింది. ఇరవై మూడో రోజున, ముప్ఫై ఒకటి.