తమ్ముడి కంటి పొర కోసం నాచారం దాకా

పొద్దున ఆరున్నరకు జనగామలో ఉప్పల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఛార్జీ లేని జీరో టికెట్ కావడంతో సీటు దొరకడమే గొప్ప. నా ఎడమ కన్ను మైనస్, దూరం ఆనదు; కుడి కన్ను ప్లస్, దగ్గర ఆనదు. అద్దాలు పెడితే కళ్లు తిరుగుతాయి, తీస్తే తలనొప్పి. నేను జాకెట్లు కుట్టి బతుకుతాను. సూదిలో దారం ఎక్కించేది ఎడమ కన్నే.

కిందటి నెల నాచారంలో ఒక కంటి దవాఖానాలో కొత్త దారి చెప్పారు. మైనస్ తీసే లేజర్ ఆపరేషన్‌లో కార్నియా నుంచి సన్నటి పొర ఒకటి బయటికి తీస్తారు. మామూలుగా దాన్ని పారేస్తారు. దాన్నే ప్లస్ కంటిలో పెడితే చూపు కుదురుతుందట. మా తమ్ముడు శ్రీకాంత్‌వి మైనస్ కళ్లు. నాచారంలోనే గది తీసుకుని కంపెనీలో పనిచేస్తున్నాడు. "పారేసేదే గదక్కా, నీకే ఇస్త. ఇద్దరం ఒక్కపారే జేయించుకుందాం" అన్నాడు. ఆ మాట మీదే బయల్దేరాను.

ఘట్‌కేసర్ దాటాక పక్క సీటావిడ నా చేతిలోని కంటి దవాఖానా చీటీ చూసి పలకరించింది. "కండ్లకా? మా ఆయనకు మోతిబిందు, గదే శుక్లం, తీసిన్రు. పొద్దుగూకకముందే ఇంటికొచ్చిండు. ఫికర్ జెయ్యకు." అన్నోజిగూడలో దిగిపోయింది.

ఎనిమిదిన్నరకు ఉప్పల్. మెట్రో కింద బండి మీద ఇడ్లీ తిని, షేర్ ఆటోలో నాచారం చేరాను. దవాఖానా గేటు దగ్గర శ్రీకాంత్ నిలబడి ఉన్నాడు. ముఖాన అద్దాలు లేవు.

"అద్దాలేవిరా?"

"తీసేసిన అక్కా! ఆఫీసోళ్లం నలుగురం పోయిన వారం వేరే దవాఖానల జేయించుకున్నం. మస్తు కనవడుతుంది."

"మరి నాకిస్తనన్నది?"

కాసేపు వాడికి అర్థం కాలేదు. తర్వాత నాలుక కరుచుకున్నాడు. "అరె, యాదికే లేదక్కా. పారేసే ఉంటరు."

లోపలికి వెళ్తే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఇంకొకరి పొర కోసం ఆగొచ్చండీ. పవర్ కుదరాలి, రక్తపరీక్షలు చేయాలి, అరుదుగా ఒంటికి పడకపోవచ్చు. మీ ఎడమ కంటిదే తీసి కుడి కంటిలో పెడితే ఆ భయం తక్కువ. కానీ రెండు కళ్లకూ ఆపరేషన్. రెండిట్లో ఏదైనా కొత్త పద్ధతే. చాలా ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో మాటివ్వలేను."

"ఎడమ కన్ను ఇప్పటిలెక్కనే సూదిని పడతదా మేడం?"

"దూరం బాగా కనిపిస్తుంది. అంత దగ్గరి పనికి ఇబ్బంది కావొచ్చు."

"నీదే పెట్టించుకో అక్కా, ఒకర్ని అడిగే పనుండదు" అన్నాడు శ్రీకాంత్. వాడు పారేసింది వాడికి అక్కర్లేనిది. నన్ను తీసిమ్మంటున్నది నాకు అన్నం పెట్టేది. ఇంకొకరి పొర కోసమే ఆగుతానని డాక్టరమ్మతో చెప్పి లేచాను.

శ్రీకాంత్ మెస్సులో భోజనం పెట్టించాడు. మీలో ఎవరైనా ఈ పని మీద వెళ్తే, ఇస్తానన్న మనిషిని ముందే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. నోటి మాట నమ్మకండి.

మూడింటికి ఉప్పల్ రింగురోడ్డులో బస్సు కోసం నిలబడ్డాం. దూరాన మలుపు తిరుగుతున్న బస్సును చూసి వాడు చిన్నపిల్లాడిలా గంతేశాడు. "హన్మకొండ బోర్డక్కా! గింత దూరంకెల్లి చదివిన, సూడు!"

ఆ సంతోషంలో కల్మషం లేదు. నాకు మండింది అందుకే.

జనగామ మీదుగా వెళ్లే ఆ బస్సే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కింద నుంచి వాడు చెయ్యి ఊపుతున్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. కనిపించలేదనుకున్నాడేమో, ఇంకా గట్టిగా ఊపాడు.