కాడను అడుగు

కరీంనగర్ కాలేజీల మాకు వృక్షశాస్త్రం చెప్పిన సారు గడ్డం గీసుకునే కత్తితోనే నీటిమొక్కల కాడలు కోసేటోడు. "పువ్వు పక్కకు పెట్టు, కాడను అడుగు" అనేటోడు.

ఒకసారి చెరువుల నుంచి రెండు మొక్కలు తెచ్చిన. ఒకదానికి దారాల్లాంటి ఆకులు, ఇంకోదానికి వెడల్పాటివి. సారు రెండు కాడలూ కోసి మైక్రోస్కోపుల చూసిండు. "రెండిట్ల అవే గాలి గదులు. ఒక్కటే మొక్క." ప్రాక్టికల్ రికార్డుల పెన్సిలుతోని రాసుకున్న రెండు పేర్లల్ల రెండోది రబ్బరుతోని చెరిపేసిన.

తెల్లారి సారు గడ్డం సగమే గీసుకొని ఉరికొచ్చిండు. "గాలి గదులు నీళ్లల్ల పెరిగే దేనికైనా వస్తయిరా! మళ్ల రాయి." రాసిన. మధ్యాహ్నం ఆకు కోసి చూసి, "చెరిపెయ్" అన్నడు. సాయంత్రం మళ్ల "రాయి" అన్నడు.

ఆఖరికి కాగితానికి చిల్లు పడ్డది. సారు జరసేపు ఆ చిల్లునే చూసి, పక్కన ఎర్ర సిరాతోని 'కరెక్టు' అని రాసి సంతకం పెట్టిండు.