ఆరు మీటర్ల పెళ్లికొడుకు

పెళ్లికూతురి తరఫువాళ్లను పెళ్లికొడుకు నోట్లోంచి ఇంట్లోకి నడిపించిన ఘనత మా జిల్లాలో నా ఒక్కదానిదే. ఆ ఘోరం ఎలా జరిగిందో వినండి.

మా ఊరు కోటలో అన్నయ్య సుధీర్ పెళ్లి. గేటుకు కట్టే ఫ్లెక్సీ పని నాకు అప్పగించారు. అప్పుడు నేను బీఎస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది. లోకంలోని కొలతలన్నీ సరిదిద్దే భారం నామీదే ఉందనుకునే వయసు.

నెల్లూరులో ఫ్లెక్సీ షాపాయనకు ఫోన్ చేసి, "వెడల్పు ఆరు, ఎత్తు నాలుగు" అన్నాను.

"అడుగులే గదమ్మా?"

"ఎవరి అడుగండీ, మీదా నాదా? ప్రపంచమంతా మీటర్లు వాడుతుంటే మనమింకా పాదాలు పట్టుకుని వేలాడాలా? మీటర్లు రాసుకోండి."

"ఇంకోసారి ఆలోచించుకోమ్మా."

"ఫిజిక్స్ చదువుతున్నానండీ."

పాపం, ఆయన మీటర్లే రాసుకున్నాడు. అమ్మ గేటు కొలిచి చెప్పింది అడుగుల్లోనే. నేను అంకెలను అలాగే ఉంచి, కొలమానాన్ని మాత్రం నాగరికం చేశాను.

పెళ్లి రోజు పొద్దున ఫ్లెక్సీ వచ్చింది. వీధిలో పరిస్తే అన్నయ్య మొహం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెరుచుకుంది. దూరపు కొండలు నునుపంటారు గానీ, దగ్గరికొచ్చిన అన్నయ్య మొటిమలు మాత్రం నిజంగా కొండలే.

"ఏంది పాపా ఇది, తెరచాపా?" అన్నాడు నాన్న.

"నా మొహం ఇంతుందని నాకే తెలీదే" అన్నాడు అన్నయ్య, నీరసంగా.

కొత్తది చేయించే టైము లేదు. మేడ పిట్టగోడ నుంచి వేలాడదీస్తే ఇల్లంతా మూసుకుపోయింది. వాకిలి సరిగ్గా అన్నయ్య నోటి దగ్గర పడింది. నాన్న కత్తి తెచ్చి నోరు కోశాడు.

చర్చిలో పెళ్లయ్యాక అందరూ ఇంటికొచ్చారు. వదిన మేనత్త ఆ నోటి ముందు ఆగిపోయింది.

"ఇల్లు మింగినోడికా మనం పిల్లనిచ్చినాం?"

నేను కుర్చీల చాటున నక్కాను. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న వదిన పకపకా నవ్వింది. నవ్వు ఆగక అన్నయ్య చెయ్యి పట్టుకుని, అతని నోట్లోంచే అత్తారింట అడుగుపెట్టింది.

తర్వాత నాన్న ఆ ఫ్లెక్సీని మా రొయ్యల గుంట గట్టున కట్టాడు. రొయ్యల్ని తినిపోయే కొంగలు మళ్లీ ఆ చాయలకు రాలేదు.

"చూసినావా, మీ ఆయన మొహానికి ఒక్క కొంగ నిలవడం లేదు" అన్నాడు నాన్న గర్వంగా.

"అవి ఎగిరిపోయినాయి మామయ్యా, నాకే రెక్కలు లేకపోయె" అంది వదిన.

ఆనాడే ప్రమాణం చేశాను: మూరల్లో అడిగినవాళ్లకు మూరల్లో, గజాల్లో అడిగినవాళ్లకు గజాల్లో జవాబు చెబుతాను. నా పాండిత్యం పొడవు మాత్రం ఈ జన్మలో ఎవరికీ చెప్పను.