దవడ కట్టే చేతులు

మా ఊళ్ళో ఎవరింట్లో మనిషి పోయినా ముందు మా సంపూర్ణమ్మ పెద్దమ్మకే కబురు వచ్చేది. రామచంద్రపురం దగ్గర చిన్న ఊరు మాది. ఆవిడ వెళ్ళి, పడుకున్న మనిషి ముక్కు దగ్గర ఎడమ చేతి వెనకభాగం పెట్టి చూసేది. ఊపిరి తగలకపోతే కళ్ళు మూసి, తెల్లగుడ్డ చింపి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకు లాగి ముడి వేసేది. అలా కట్టకపోతే నోరు తెరుచుకునే బిగుసుకుపోతుంది. ఆ పని ఆవిడకు ఎవరూ అప్పజెప్పలేదు. చెయ్యి వణకదని పిలిచేవారు, అంతే. ఇంటికొచ్చి తలస్నానం చేసేదాకా మమ్మల్ని ముట్టుకునేది కాదు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నేను పెద్దమ్మకు సాయంగా ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ప్రసాదన్నయ్య కొబ్బరికాయల లారీ డ్రైవరు. రాత్రంతా బండి, మధ్యాహ్నమంతా నిద్ర. గురక వీధి చివరిదాకా వినపడేది. గురకకు ఎవరం భయపడలేదు. అది ఆగినప్పుడే భయం. ఆ నిశ్శబ్దంలో పెరట్లో కోడి గింజ ఏరుకునే చప్పుడు కూడా లోపలికి వినిపించేది. తర్వాత నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారిగా ఊపిరి లాగేవాడు.

ఓసారి స్టీరింగు మీదే కునుకు పట్టి లారీ కాలవలోకి దిగబోయింది. ఓనరు తాళాలు తీసేసుకున్నాడు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఇదనీ, ఇలాగే వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ రాజమండ్రి డాక్టరుగారు చెప్పి, నిద్రలో గొట్టంతో గాలి అందించే మిషను రాశారు.

మిషను తెచ్చిన కుర్రాడు గణేష్‌బాబు మంచం పక్కన దాన్ని అమర్చాడు. అన్నయ్య ముక్కుకు మాస్కు పెట్టి గొట్టం తగిలించాడు. నోట్లోంచి గాలి పోకుండా ఒక తెల్లటి పట్టీని గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకు బిగించాడు.

"అలవాటయ్యేదాకా కష్టంగానే ఉంటుందండి. మానెయ్యకండి మాత్రం."

పెద్దమ్మ గడప దగ్గర నిలబడి అంతా చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొన్నాళ్ళకు గణేష్‌బాబు మళ్ళీ వచ్చి మిషను బటన్లు నొక్కి, రోజూ ఎంతసేపు నడిచిందో లెక్క చూశాడు.

"ఏంటండి ప్రసాదుగారూ, పెట్టుకున్న కాసేపటికే తీసేస్తున్నారు?"

"నేను తియ్యట్లేదండి బాబూ! లేచేసరికి మాస్కు గోడ మేకుకి వేలాడుతోంది. పట్టీ మడతపెట్టి మరీ ఉంటోంది."

గణేష్‌బాబు నవ్వాడు. "నిద్రలో ఇంత పొందిగ్గా సర్దేవాణ్ణి మిమ్మల్నే చూశాను. ఓసారి మా ఇంటికొచ్చి పడుకోండి, మా ఆవిడ ఉతికిన బట్టలున్నాయి మడతపెట్టడానికి."

అన్నయ్య నవ్వలేదు. "నాకు ఈ గదిలో పడుకోవాలంటేనే భయమేస్తోందండి."

నేను పెద్దమ్మ చేతులకేసి చూశాను. ఆవిడ వాటిని కొంగు కింద దాచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను తలుపు వారగా కూర్చుని ఆకుకూర బాగుచేస్తున్నాను. బండి లేకపోయినా అన్నయ్యకు పగటి నిద్ర అలవాటు పోలేదు. అతనికి నిద్ర పట్టగానే పెద్దమ్మ వచ్చింది. మనిషి కదలకుండా పట్టీ విప్పి, మాస్కు తీసి, మిషను ఆపి, అన్నీ మేకుకి తగిలించింది. అప్పుడు నన్ను చూసింది.

"బతికున్నవాడికి దవడ కడతారటే?" అంది గొంతు తగ్గించి. "నా కొడుకుని నా కళ్ళముందే అలా పడుకోబెడితే ఊరుకోనా?"

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. ఈలోగా గురక మొదలైంది. ఆగిపోయింది.

"పెద్దమ్మా, చెయ్యి పెట్టి చూడు," అన్నాను.

అనరాని మాట అన్నట్టు చూసింది. అయినా చెయ్యి అలవాటు కొద్దీ వెళ్ళింది. ఎడమ చేతి వెనకభాగం కొడుకు ముక్కు దగ్గర ఆగింది. ఛాతీ ఎగురుతోంది గానీ గాలి రావట్లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. ఎవరింట్లోనూ వణకని ఆ చెయ్యి వణికింది. రెండో చెయ్యి ఆవిడకు తెలియకుండానే కొంగు అంచు పట్టుకుంది, చింపడానికి.

అన్నయ్య ఒక్కసారిగా ఊపిరి లాగాడు.

పెద్దమ్మ కొంగు వదిలేసింది. తన చేతిని తానే కాసేపు చూసుకుంది. తర్వాత మేకుకున్న మాస్కు తీసి పెట్టింది. మిషను వెయ్యమని నాకు సైగ చేసి, పట్టీ తనే కట్టింది. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా, మడత పడకుండా, గణేష్‌బాబు కన్నా పొందిగ్గా. సాయంత్రం అన్నయ్య లేచేదాకా అతని ఛాతీ మీద చెయ్యి తియ్యలేదు.

ఆ రోజు నుంచీ పట్టీ ఆవిడే కట్టేది. పండగైనా, చుట్టాలున్నా మానలేదు. కొన్ని నెలలకు ఓనరు లారీ తాళాలు తిరిగి ఇచ్చాడు.

ఒక ఉదయం పక్కవీధి చిట్టియ్య వచ్చాడు.

"పిన్నీ, అమ్మ పోయింది. ఓసారి రా."

పెద్దమ్మ పీట మీంచి లేవలేదు. "నేను రానురా. ఈ చేతుల్తో రోజూ మా వాడికి కడుతున్నాను. అక్కడ కట్టి వచ్చి ఇక్కడ కట్టలేను."

"మరెవరు కడతారు పిన్నీ? నోరు తెరుచుకునే ఉంది."

పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఇది చూసింది. దీనికొచ్చు."

వెళ్ళాను. చిట్టియ్య తల్లి ముక్కు దగ్గర ఎడమ చేతి వెనకభాగం పెట్టాను. అన్నయ్యకు ఊపిరి తిరిగి రావడానికి పట్టినంతసేపూ ఉంచాను. ఆ తర్వాత ఇంకాసేపు ఉంచాను. వెనక నుంచి ఎవరో, "ఏంటమ్మా ఆలస్యం?" అన్నారు.

అప్పుడు గుడ్డ చింపాను.