మా పెళ్ళి మీద విచారణ

మా పెళ్ళి నిజమైనదో కాదో తేల్చడానికి ఆఫీసు వాళ్ళకి ఏడు నెలలు పట్టింది. అదే విషయం తేల్చుకోవడానికి నాకు అంతకంటే ఎక్కువే పట్టింది కాబట్టి వాళ్ళని ఏమీ అనను.

మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవారు. ఆయన పోయాక అమ్మా నేనూ ఇంటి ముందు గదిలో చీరల షాపు పెట్టాం. అమ్మ కూడా పోయాక షాపూ నేనూ మిగిలాం. నాకు ముప్పై తొమ్మిదేళ్ళొచ్చి, పెళ్ళెప్పుడని అడగడం చుట్టాలందరూ మానేసి, ప్రాణం కాస్త హాయిగా ఉన్న రోజుల్లో ఆయన వచ్చారు.

ఆయనది మలేషియా. తెలుగువాళ్ళే. ముత్తాత ఎప్పుడో ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళాడట. ఏ ఊరి నుంచి వెళ్ళాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలుగు మాత్రం ఆ ముత్తాత పట్టుకెళ్ళిందే, నాలుగు తరాల వాళ్ళూ పారేసుకోకుండా దాచుకున్నారు. 'ఏటి' అంటారు, త్వరగా రమ్మనాలంటే 'బేగి రా' అంటారు, పిల్లల్ని 'గుంటలు' అంటారు. చూస్తే శ్రీకాకుళం బస్సు ఇప్పుడే దిగినట్టుంటారు. చేతిలో పాస్‌పోర్టు మాత్రం ఎర్రది.

వాళ్ళక్క కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి అక్కకి తోడుగా మా షాపుకి వచ్చారు. ఆవిడ చీరలు ఎంచుకోవడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో ఈయన మా షాపులో ఏడాదిగా మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు బాగుచేసి, మీటరు బోర్డులో వైర్లు సరిచేసి, స్టూలు కుంటుతోందని దాని కాలికింద అట్టముక్క పెట్టారు. వెళ్ళేటప్పుడు "ఏటైనా పాడైతే ఫోన్ సెయ్యండి" అన్నారు. మలేషియా నుంచి వచ్చి ఎలా బాగుచేస్తారని నేనడగలేదు. ఆర్నెల్ల తరవాత మళ్ళీ వచ్చారు. ఆయనకి నలభై నాలుగు, భార్య పోయి ఆరేళ్ళు, పిల్లల్లేరు, నన్ను చేసుకోవాలనుంది. ఈ నాలుగు ముక్కలూ ఒక్క వాక్యంలోనే చెప్పారు. నేను ఆలోచించుకుంటానన్నాను. అందుకే మొదటే చెప్పాను, నాకు ఎక్కువ పట్టిందని.

రిజిస్ట్రారు ఆఫీసులో ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళయింది. షాపు నడిపేది నేను, ఆయనకి అక్కడ అద్దె ఇల్లూ అక్కా తప్ప ఎవరూ లేరు, కాబట్టి ఆయనే ఇక్కడికొచ్చారు. వీసా మీద ఉండేవారు కనక ఉద్యోగం చేయకూడదు. అందుకని మా వీధిలో అందరి ఫ్యాన్లూ మోటార్లూ ఊరికే బాగుచేసేవారు. వీసా గడువు దగ్గర పడ్డప్పుడల్లా ఇద్దరం కాగితాల సంచీ పట్టుకుని కృష్ణ దాటి విజయవాడ వీసాల ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. పెళ్ళయి రెండేళ్ళు దాటితే భార్య పేరు మీద జీవితాంతం ఇక్కడే ఉండే కార్డు ఇస్తారని చెప్పారు. ముత్తాతల పేరు మీదా ఇస్తారట గానీ ఆ ముత్తాత కాగితమేదీ మిగల్చలేదు. ఆయనకి మిగిలిన కాగితం నేనే.

రెండేళ్ళు నిండాక దరఖాస్తు పెట్టాం. దంపతులిద్దరూ కలిసున్న ఫొటోలు జతచేయమన్నారు. మా దగ్గర ఉన్నది ఒక్కటే, రిజిస్ట్రారు ఆఫీసు బయట జిరాక్సు షాపు ముందు తీసింది. అందులో ఇద్దరమూ బాకీ వసూలుకొచ్చినట్టు నిలబడి ఉంటాం.

పక్కింటి పిన్నిగారు ఆ ఫొటో చూసి పెదవి విరిచారు. "ఇది చూస్తే నేనే నమ్మను. బట్టలు మార్చుకుని నాలుగు చోట్ల తీయించుకోండి, ఎవడు చూడొచ్చాడు" అన్నారు. ఆవిడే ఫోను పట్టుకుని వెంట వచ్చారు. పొద్దున కొండ మెట్ల దగ్గర, మధ్యాహ్నం ఇంట్లో భోంచేస్తూ, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద. నావి మూడు చీరలు, ఆయనవి మూడు చొక్కాలు. బ్యారేజీ మీద పిన్నిగారు "కాస్త దగ్గరికి జరగండమ్మా, భార్యాభర్తలేగా" అని అరిస్తే సైకిళ్ళ మీద పోయేవాళ్ళు కూడా ఆగి మేం జరుగుతామో లేదో చూశారు.

నెల తిరక్కుండా కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయట విప్పి, మంచినీళ్ళు తాగి, దండెం మీద ఆరేసిన లుంగీలు లెక్కపెట్టి, పక్కింటికి వెళ్ళాడు. గోడ అవతలి మాటలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"వీళ్ళిద్దరూ కలిసే ఉంటున్నారా అమ్మా?"

"కలిసే ఉండడమేంటి నాయనా, ఆదిదంపతులనుకో. రెండేళ్ళలో ఒక్క మాట అనుకోగా వినలేదు."

 కానిస్టేబుల్ మా ఇంటికి తిరిగొచ్చి కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు. "మేడం, గొడవలే లేవని రాస్తే మా ఆఫీసర్ గారు నమ్మరండీ. కాగితం మీద పెళ్ళి అనుకుంటారు. చిన్నదైనా ఒకటి ఉందేమో గుర్తుచేసుకోండి."

నేను నోరు తెరిచేలోపు పిన్నిగారు గోడ మీంచి తల పెట్టారు. "ఎందుకు లేవు నాయనా, మొన్ననే ఫ్యాను గురించి ఊరూ వాడా ఏకం చేశారు. రాసుకో."

కానిస్టేబుల్ రాసుకున్నాడు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలలు పోయాక ఇంటర్వ్యూకి విజయవాడలో పదకొండింటికి రమ్మన్నారు. మేం తొమ్మిదింటికే వెళ్ళి వరండాలో కూర్చున్నాం. ఆయన ఇస్త్రీ చొక్కా చెమటకి నానిపోయింది. ఆఫీసర్ గారు నా ఈడు ఆవిడే. బల్ల మీద మా ఫైలూ, ఒక టీ గ్లాసూ. ఈయన "నమస్కారమండి" అనగానే తలెత్తారు.

"ఏ జిల్లా మీది? శ్రీకాకుళమా, విజయనగరమా?"

"కాదండి, మలేషియా."

"అది సరే, అక్కడికి ఎప్పుడు వెళ్ళారు?"

"ఎల్లలేదండి. పుట్టాను."

ఆవిడ పాస్‌పోర్టు చూశారు, ఆయన్ని చూశారు, మళ్ళీ పాస్‌పోర్టు చూశారు. ఆయన భర్త అవునో కాదో అడగడానికి ముందు అసలు విదేశీయుడు అవునో కాదో తేల్చుకోవాల్సొచ్చింది. ఆ తరవాత ఫొటోలు పేకముక్కల్లా వరసగా పరిచారు. ఒక ఫొటో మీద వేలు పెట్టి, రెండోదాని మీద పెట్టి, మూడోదాని మీద పెట్టారు.

"మీ బొటనవేలికి ఈ కట్టేంటండీ?"

"ఫ్యాను రెక్క కోసిందండి."

"ఎన్నాళ్ళు ఉంది?"

"రెండు రోజులుందండి."

"మూడు చోట్ల, మూడు రకాల బట్టల్లో, అన్నిటిలోనూ ఉందే?"

 నేను ఏదో ఒకటి అల్లబోయాను. ఆయన మాత్రం తడుముకోలేదు. "ఒక్క రోజే తీసామండి. అంతకు ముందు ఫొటోలు తీసుకోవాలని మాకు తెలీదు. ఇద్దరం ఇంట్లోనే ఉంటాం కదా."

ఆవిడ ఏదో రాసుకుని, ఆయన్ని బయట కూర్చోమన్నారు. నన్ను అడగడం మొదలుపెట్టారు. పొద్దున ఆయన ఏం తిన్నారు? మూడిడ్లీలు. ఏ వైపు పడుకుంటారు? గోడ వైపు. చివరిసారి ఎప్పుడు గొడవపడ్డారు? రెండు నెలల కిందట, ఫ్యాను స్పీడు గురించి. ఇవన్నీ టకటకా చెప్పాను.

"ఆయన మొదటి భార్య ఎలా పోయారు?"

"జబ్బు చేసిందండీ."

"ఏం జబ్బు?"

నాకు తెలీదు. ఆ మాటే అన్నాను.

"రెండేళ్ళలో మీరు అడగలేదా?"

"ఆయన చెప్పలేదండీ. నేనడగలేదు."

పైకి వినబడ్డాక ఆ మాట నాకే బాలేదు. ఆయన చొక్కా కాలరు కొలత తెలుసు, వాళ్ళక్క ముగ్గురు పిల్లల పేర్లూ తెలుసు, ఇది తెలీదు. ఆయన ఎప్పుడైనా ఆ సంగతి దగ్గరికి వస్తే నేనే లేచి షాపు సర్దేదాన్నని అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ తలూపి, నన్ను పంపించి, ఆయన్ని పిలిచారు. వరండాలో కూర్చుని, ఇక ఈయన్ని విమానం ఎక్కించేస్తారు, ఆ తప్పు నాదే అనుకున్నాను.

అరగంటకి ఇద్దర్నీ కలిపి పిలిచారు. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు.

"ఈయన పొద్దున ఏమీ తినలేదట. భయానికి దిగక ఇడ్లీలు మీరు చూడకుండా తిరిగి గిన్నెలో పెట్టేశారట. గోడ వైపు అని మీరన్నారు, కిటికీ వైపు అని ఆయనన్నారు."

"కిటికీ గోడకే ఉందండీ" అన్నాను.

"గొడవ అసలు జరగలేదన్నారు."

నేను ఆయన వైపు తిరిగాను. "అది గొడవేటి?" అన్నారాయన నిజంగానే ఆశ్చర్యపోతూ. "నువ్వు మాటాడావు, నేను విన్నాను."

ఆవిడ ఫైలు మూశారు. "మొదటి భార్య సంగతి మీకు చెప్పారా అని అడిగాను. 'తను అడగలేదు, నేను చెప్పలేదు' అన్నారు. మీ ఇద్దరి జవాబుల్లో పూర్తిగా కలిసింది అదొక్కటే." గ్లాసులో మిగిలిన టీ తాగేసి, "వెళ్ళిరండి. ఏ సంగతీ తెలియజేస్తాం" అన్నారు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. పిన్నిగారు పులిహోర కట్టిచ్చారు. డబ్బా మూత తీసి ఆయనకి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక ఆయనే మొదలుపెట్టారు.

అప్పుడాయన వేరే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీకి వైరింగు పని మీద వెళ్ళారట. భార్య ఫోన్ చేసి జ్వరమని చెప్పింది. మాత్ర వేసుకుని పడుకో, శనివారం వస్తానన్నారు. శుక్రవారం మళ్ళీ చేస్తే నిచ్చెన మీద ఉండి తీయలేదు. శనివారం వెళ్ళేసరికి పక్కింటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. డెంగ్యూ. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టలేదు. సోమవారం పోయింది.

"బేగి ఎల్లుంటే" అని ఆగిపోయారు.

మీ తప్పేం లేదని అందామనుకున్నాను. ఇన్నేళ్ళుగా అందరూ అదే అని ఉంటారని తోచి ఊరుకున్నాను. ఆవిడ ఎలా ఉండేదని అడిగాను. గట్టిగా నవ్వేదన్నారు, సంతలో బేరమాడేదన్నారు, నిచ్చెనలంటే ఆవిడకి భయమన్నారు. మేం కూర్చునుండగానే మంగళగిరి బస్సులు మూడు వెళ్ళిపోయాయి.

కార్డు వచ్చేసరికి మరో నాలుగు నెలలు పట్టింది. పోస్టుమాన్ సంతకం అడిగితే ఆయన మోటారు గ్రీజు చేత్తో పెట్టి, కవరు షాపు బల్ల మీద పెట్టి, మళ్ళీ మోటారు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను తెరిచి చదివి వినిపించాను. "జీవితాంతమా?" అని రెండుసార్లు అడిగారు.

ఇక వీసా బాధ లేదు కాబట్టి ఆ ఏడు వాళ్ళక్కని చూడ్డానికి ఒక్కరే వెళ్ళి మూడు వారాలుండి వచ్చారు. నాకు కొబ్బరి జామూ, పిన్నిగారికి గొడుగూ తెచ్చారు. పెట్టె అడుగు నుంచి టవల్లో చుట్టిన ఫ్రేము తీసి, చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"ఎక్కడెట్టమంటావు?"

అమ్మా నాన్నా ఫొటోల పక్కన మేకు కొట్టమన్నాను. కొట్టారు. గట్టిగా నవ్వే మనిషి, ఫొటోలోనూ నవ్వుతూనే ఉంది. ఎర్రంచు ఆకుపచ్చ చీర.

సాయంత్రం గొడుగు బాగుందని చెప్పడానికి వచ్చిన పిన్నిగారు ఫొటో చూసి ఆగిపోయారు. ఎవరో చెప్పాను. ఆవిడ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, తేరిపార చూశారు.

"చీర మన మంగళగిరిదేనా?"

అది పాలియెస్టరని నాకు చూడగానే తెలిసిపోయింది. ఆయన మేకుల డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"అవునండీ, మనదే" అన్నాను.